చచ్చిన వజ్రకేతుడికి వన్స్ మోర్

పద్యనాటకంలో చావు నటుడి చేతిలో ఉండదు, ప్రేక్షకుడి చేతిలో ఉంటుంది. రాజుగారు యుద్ధభూమిలో పడిపోతాడు, ఆఖరి పద్యం పాడతాడు, తల వాల్చేస్తాడు. జనానికి పద్యం నచ్చిందంటే "వన్స్ మోర్" అని అరుస్తారు. అప్పుడు చచ్చిన రాజు లేచి, పంచెకంటిన దుమ్ము దులుపుకుని, నమస్కారం పెట్టి, మళ్ళీ గాయపడి, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు. ఇదేమి వింత అని అడిగినవాడు మా వైపు ఇంతవరకూ పుట్టలేదు. నేను ఆ నాటకాలకి హార్మోనియం వాయిస్తాను కాబట్టి అందరూ నన్ను పెట్టె మేష్టారు అంటారు. నా ఎదుట చచ్చినంతమంది యముడి ఎదుట కూడా చచ్చి ఉండరు. లేచినంతమంది అయితే అసలే ఉండరు.

మా పెదరేగులపాడు సమాజం ఏటా అమ్మవారి తిరనాళ్ళలో "వజ్రకేతు పతనం" ఆడుతుంది. వజ్రకేతుడు పొగరుబోతు రాజు. ఆ ఒక్క వేషం ముగ్గురు కడతారు. మొదటి వజ్రకేతుడు సభ సీనులో నల్లగా, ధాన్యం గాదెలా ఉంటాడు. రెండో వజ్రకేతుడు మంతనాల సీనుకి తెల్లగా, సన్నగా వస్తాడు. రాజు అరగంటలో అంత ఎలా చిక్కిపోయాడని జనం అడగరు, రాజ్యభారం అనుకుంటారు. మూడో వజ్రకేతుడు యుద్ధానికి వచ్చి చస్తాడు. ఆ మూడోవాడు మా శరభయ్య.

శరభయ్యకి బజార్లో సైకిల్ షాపు ఉంది. గొంతు కంచు. కానీ నాటకం రాత్రి పదింటికి మొదలైతే అతని వంతు చావు తెల్లవారుజామున గాని వచ్చేది కాదు. అప్పటికి జనం చాపల మీద గుర్రు పెడుతుండేవారు. మెలకువగా ఉండేది నేనూ, మైకువాడూ, శరభయ్య భార్య వెంగమ్మా. వెంగమ్మ అరవొచ్చు గాని, పెళ్ళాం అరిస్తే అది వన్స్ మోర్ కింద లెక్కకి రాదు, ఇంటి గొడవ కింద పోతుంది. అలా పాతికేళ్ళుగా శరభయ్య ఏటా ఒక్కసారే చచ్చి ఊరుకుంటున్నాడు.

"ఒక్క వన్స్ మోర్ మేష్టారూ," అనేవాడు ట్యూబుకి పంచరు వేస్తూ. "ఒక్కటి పడితే చాలు. ఆ తరవాత నిజంగా పోయినా నాకు చింత లేదు."

"పాడు మాటలు మాట్టాడబాక," అని వెంగమ్మ కసిరేది.

పరిస్థితి ఇలా ఉండగా మా సమాజానికి ఒక ఉత్తర్వు వచ్చింది. పంపినది దేశీయ రంగస్థల భాషాశుద్ధి సంస్థ. అలాంటిది ఒకటి ఉందని మాకు తెలియదు. మేము ఉన్నామని దానికెలా తెలిసిందో అదీ తెలియదు. అందులో ఇలా ఉంది: "ఇందుమూలముగా యావన్మంది నాటక సమాజములవారికి తెలియజేయునది ఏమనగా, మన సంస్కృతి అంతరించిపోవుచున్నందున దానిని తక్షణమే తనిఖీ చేయ నిశ్చయించడమైనది. ప్రదర్శనలు తనిఖీకి వీలుగా కార్యాలయ వేళలయందే, అనగా పగలు పది మొదలు అయిదు వరకు జరుపవలెను. ప్రదర్శన యావత్తు చలనచిత్రముగా తీయించి దేశీయ చిత్ర పురస్కారములకు సమర్పింపవలెను. రంగస్థలము మీదను, క్రిందను, ప్రక్కలను ఎవ్వరును పరభాషాపదము పలుకరాదు. మీరినచో సమాజము గుర్తింపు రద్దు చేయబడును."

గుర్తింపు రద్దయితే తిరనాళ్ళలో మా నాటకం ఉండదు. నేను తల పట్టుకుని కూచున్నాను. శరభయ్య మాత్రం జిడ్డు చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు.

"మేష్టారూ, పది నుంచి అయిదంట! అంటే నేను చచ్చేది ఏ నాలుగింటికో. పట్టపగలు! జనం మేలుకుని ఉంటారు మేష్టారూ!"

ప్రభుత్వం చేసిన ఒక పిచ్చిపని వల్ల ఒక మనిషికి మేలు జరగడం అప్పుడే చూశాననుకున్నాను. కాని తొందరపడ్డాను.

తిరనాళ్ళకి వారం ముందు శుద్ధ్యధికారి డాక్టర్ చిత్రభానుగారు వేంచేశారు. పంచాయతీ ఆఫీసులో సదస్సు పెట్టారు. సన్నటి మనిషి, తెల్లటి ధోవతి. మాట్లాడుతుంటే ప్రతి మాటా గంధం రాసి మన చేతికిచ్చినట్టుంటుంది. ముందు నన్ను నిలబెట్టారు.

"మీ చంకలోనిది యేమి?"

"హార్..." అనబోయి నాలిక కరుచుకుని "పెట్టె అండీ" అన్నాను.

"పెట్టె దేశ్యపదమే. అనుమతించడమైనది," అన్నారు. బతికిపోయాననుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని అసలు విషయంలోకి దిగారు. "మీ గ్రామ ప్రేక్షకులు ప్రదర్శన మధ్యమున ఒకానొక కేక వేయుచున్నట్లు మాకు ఫిర్యాదు అందియున్నది."

తిరనాళ్ళ పెద్ద పున్నయ్య లేచాడు. "ఏ కేకండీ? ఈలేస్తారే, అదా?"

"ఈల శబ్దము. శబ్దమునకు భాష లేదు. నేను చెప్పునది ఆంగ్లజన్యమగు కేక."

"వన్స్ మోరా?" పున్నయ్య నోరు తెరిచాడు. "అది ఇంగిలీషా అండీ? మా తాత గూడా అనేవోడే! ఆయనకి ఇంగిలీషు కాదుగదా, తెలుగులో సంతకమే రాదు."

"అందుచేతనే వ్యాధి ముదిరినది," అన్నారు చిత్రభానుగారు.

వెనక నిలబడ్డ వెంగమ్మ, "మళ్ళీ అంటే సరిపోద్దిగదండీ" అంది.

ఆయన ఆవిడ వైపు జాలిగా చూశారు. "అమ్మా, మళ్ళీ అనునది మాట. మాకు కావలసినది పరిభాష. పదకొండుమంది విద్వాంసులు రెండు సంవత్సరములు శ్రమించి ఒక పదమును నిర్మించినారు. పునఃశ్రావ్యాభ్యర్థనము. ఇకమీదట పద్యము నచ్చినవారు లేచి నిలిచి, కుడిచేయి ఎత్తి, ఈ పదమును స్పష్టముగా ఉచ్చరింపవలెను. దానిని నేను నమోదు చేసి ప్రధాన కార్యాలయమునకు పంపుదును. అనుమతి వచ్చిన పిమ్మట నటుడు పద్యమును పునరావృతము చేయవచ్చును."

"అందాకా నటుడేం చేస్తాడండీ?" అన్నాను.

"ఏ స్థితియందున్నాడో ఆ స్థితియందే వేచియుండును."

అప్పుడు ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. అందరం పదం నోటికి తెచ్చుకునే పనిలో పడ్డాం. వారం రోజులు ఊరంతా సాధన చేసింది. పొలం గట్ల మీదా, టీకొట్టు దగ్గరా, కూరగాయల బండి చుట్టూ చేతులెత్తి అరిచేవాళ్ళు. ఎంత అరిచినా అది చివరికి "పున్నయ్య శ్రాద్ధాభ్యర్థనం" దగ్గరికే వెళ్ళి ఆగేది. పున్నయ్య పాపం రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు తిరగబడ్డాడు.

"ఏందిరా ఇది? నేను దుక్కలాగా ఉండగానే నా శ్రాద్ధం అడుగుతారా? తిరనాళ్ళకి పందిళ్ళేయించినందుకా?"

మొత్తానికి శుక్రవారం వచ్చింది. పదింటికి నాటకం మొదలైంది. ఊళ్ళో పెళ్ళిళ్ళకి వీడియో తీసే సైదాని కెమెరాతో నిలబెట్టాం. చిత్రభానుగారు ముందు వరసలో కుర్చీ వేయించుకుని చేత్తో కలం పట్టుకుని కూర్చున్నారు. ఎండలో మొదటి వజ్రకేతుడి మీసం చెమటకి కారిపోయి గడ్డంలో కలిసింది. అతను రాగం ఎత్తుకునేసరికి జనం ఐసు బండి వైపు వెళ్ళారు. రెండో వజ్రకేతుడు మంతనాలాడుతుండగా భోజనాల వేళైంది, ఊరు ఊరంతా ఇళ్ళకి పోయింది. మంతనాలు రహస్యంగానే జరిగాయి.

నాలుగయ్యేసరికి ఎండ తగ్గింది. జనం కడుపునిండా తిని, కునుకు తీసి, మొహాలు కడుక్కుని వచ్చారు. పాతికేళ్ళలో ఎప్పుడూ లేనంత తాజాగా ఉన్నారు. శరభయ్య కత్తి దూసి వచ్చాడు, పోరాడాడు, పడ్డాడు. నేను శ్రుతి అందించాను. మోచేతి మీద లేచి పశ్చిమానికి తిరిగి ఎత్తుకున్నాడు:

నేల తల్లి నన్ను నిద్రపుచ్చెడివేళ
కత్తి జారె గాని కాంక్ష జార
దమ్మ! నీదు మట్టి దాల్చి పుట్టెద నేను
మరల మరల మరల మరల మరల!

ఆఖరి పాదంలో ఒక్కొక్క "మరల"నీ ఒక్కొక్క మెట్టు పైకి తీసుకెళ్ళి, అయిదోదాన్ని అక్కడే వదిలేసి తల వాల్చాడు. నా వేళ్ళు పెట్టె మెట్ల మీద ఆగిపోయాయి. అబద్ధమెందుకు, నాకు కళ్ళు తడిశాయి. అంత బాగా అతను పాడగా నేను ఎప్పుడూ వినలేదు. వారం రోజుల సాధనా గాలికి పోయింది. ఆడా మగా పిల్లా జెల్లా ఒక్క గొంతుతో "వన్స్ మోర్!" అని అరిచారు. పందిరి ఎక్కి కూర్చున్న కాకులు లేచిపోయాయి.

శరభయ్య కళ్ళు తెరిచాడు. ఆ మొహంలో కనిపించిన వెలుగు నేను చెప్పలేను. ఒక మోచెయ్యి నేల మీద ఆనించాడు.

"ఆగుము!" చిత్రభానుగారు కుర్చీలోంచి లేచారు. "శవము కదలరాదు!"

మోచెయ్యి మళ్ళీ కిందికి పోయింది.

"పడినది నిషిద్ధమైన కేక. అది చెల్లదు. విధ్యుక్తముగా అడుగుడు."

జనం లేచి, కుడిచేతులెత్తి, "పున్నయ్య శ్రాద్ధాభ్యర్థనం!" అని అరిచారు. పున్నయ్య కూడా చెయ్యెత్తి అరిచాడు. ఆ రోజు ఆయన చేసిన త్యాగం మామూలుది కాదు.

"ఉచ్చారణ దోషమును క్షమించి స్వీకరించడమైనది," అని చిత్రభానుగారు కలం తెరిచారు. "ప్రధాన కార్యాలయమునకు ఇప్పుడే పంపుచున్నాను. అయితే వేళ మించినది. రేపు రెండవ శనివారము. ఎల్లుండి ఆదివారము. సోమవారమునాడు ఉత్తర్వు రాగలదు."

"అందాకా?" అన్నాడు పున్నయ్య.

"అభ్యర్థన తేలువరకు నాటకము ముగిసినట్లు కాదు. ముగియనందున రంగస్థల శవమును కదల్చరాదు. అనుమతి లేనందున శవము తనంతట లేవరాదు. లేచినచో అభ్యర్థన వీగిపోవును. గుర్తింపును పోవును. సాక్ష్యార్థము చిత్రణ యంత్రము నడుచుచునే యుండవలెను."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. నాకు ఒళ్ళు మండిపోయింది. సైదా కొత్త కార్డు వేసి, కెమెరాని చావు మీదికి తిప్పి, కరెంటు తగిలించి ఇంటికి పోయాడు. నేను వేదిక ఎక్కి శరభయ్య పక్కన కూలబడ్డాను.

"లేచిరా, ఇంటికి పోదాం. నాటకం పోతే పోయింది. వచ్చే ఏడు కోలాటం పెట్టుకుంటాం."

శరభయ్య కళ్ళు తెరవలేదు. పెదాలు కదిలీ కదలకుండా మాట్లాడాడు. "మేష్టారూ, విన్నారుగా? ఊరంతా అడిగింది. నన్నే అడిగింది. ఇప్పుడు లేస్తే అది పోద్ది. నేను లేవను."

"మూడు రోజులయ్యా!"

"పాతికేళ్ళు ఆగినోణ్ణి. మూడు రోజులొక లెక్కా?"

శనివారం పొద్దున వెంగమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చింది. గెస్ట్‌హౌస్ నుంచి చిత్రభానుగారు కూడా వచ్చారు. సెలవు రోజైనా శవం మీద ఆయనకు శ్రద్ధ ఎక్కువ.

"శవము భుజింపరాదు," అన్నారు.

వెంగమ్మ చీర చెంగు నడుముకి చుట్టింది. "ఏందయ్యా నువ్వనేది? నా మొగుడు బతికున్నాడు, ఆకలేసింది. అన్నం పెట్టుకోవద్దా? ఏ ఊళ్ళో ఉందయ్యా ఈ చోద్యం? నీ ఇంట్లో నీకు పెట్టేవాళ్ళు లేరా?"

చిత్రభానుగారు ఆలోచించారు. ఆయన చెడ్డవాడు కాదు, నియమం దొరికితే దయ చూపించగలడు. "దేశీయ ఆచారము ననుసరించి మృతునికి పిండము పెట్టవచ్చును. అది మన సంస్కృతి. కాకి ముట్టిన పిమ్మట, దానిని ఎవరు తినినదియు విచారింపబడదు."

వెంగమ్మ ఏడ్చింది, తిట్టింది. అంత కోపంగా ఉన్న ఆడమనిషిని నేను చూడలేదు. కాని ఆకలి ముందు శకునం ఏం చేస్తుంది? నిండు ముత్తయిదువ తన మొగుడి పక్కన పెరుగన్నం ముద్దలు పెట్టి, కాకుల్ని పిలిచింది. అవి ఒక్కటీ రాలేదు. నిన్నటి కేకకి బెదిరి ఉన్నాయి. ఊళ్ళో సగం మంది పందిరి చుట్టూ నిలబడి "కావ్ కావ్" మన్నారు. పొద్దు నడినెత్తికి వచ్చాక ఒక ముసలి కాకి దిగి, అటూ ఇటూ నడిచి, ముద్ద అంచు ముట్టింది. శరభయ్య కళ్ళు మూసుకునే ముద్ద అందుకున్నాడు. మిగతా అవసరాలకి ఏం చేశాడని అడక్కండి, తెర అనే వస్తువు ఉన్నది అందుకే.

ఆదివారం హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన అనంతశయనంగారు శరభయ్య అవస్థ చూడలేక చిత్రభానుగారి దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను.

"అయ్యా, తమరు పొరబడ్డారు. వన్స్ మోర్ ఇంగిలీషు కాదు. అచ్చతెలుగు."

"ఎట్లు?"

"మోర అంటే మొహం. మోరెత్తి చూశాడు అంటామా లేదా? వంచు అంటే దించు. వంచు మోర! పూర్వం రాజుల కొలువుల్లో కవి బాగా చదివితే వంచుమోర అనేవారు. అదే జనం నోట్లో పడి వన్సుమోరు అయింది. దొరలు మన దగ్గర నేర్చుకుని వాళ్ళ దేశం తీసుకుపోయారు."

ఇది మొత్తం ఆయన సైకిల్ మీద వస్తూ కల్పించింది. ఆ సంగతి నాకు కన్ను గీటి చెప్పాడు కూడా. చిత్రభానుగారు మాత్రం ఆనందంతో కుర్చీలోంచి లేచి ఆయన చేతులు పట్టుకున్నారు. "అద్భుతము! ఇది వెంటనే అనుబంధముగా పంపుదును." మేము గెలిచామనుకుని టీ తాగాం.

సోమవారం మధ్యాహ్నం ఉత్తర్వు వచ్చింది. మైదానం మళ్ళీ నిండింది. పొరుగూళ్ళ వాళ్ళు ట్రాక్టర్లలో వచ్చారు. చిత్రభానుగారు మైకు ముందు చదివారు.

"సదరు కేక వంచుమోర అను ప్రాచీన తెలుగు పదముగా గుర్తించడమైనది. కావున నిషేధము తొలగించడమైనది."

జనం ఈలలు వేశారు. శరభయ్య ఛాతీ పైకీ కిందికీ ఆడటం నాకు కనిపించింది.

"అయితే," అన్నారు చిత్రభానుగారు, "పదమునకు అర్థమే ప్రమాణము. వంచుమోర అనగా ముఖము దించుము అని గదా. కావున సదరు కేక విన్న నటుడు లేచి, ప్రేక్షకుల యెదుట ముఖము దించి, మౌనముగా నిష్క్రమింపవలెను. పద్యము పాడరాదు. ఇందుతో అభ్యర్థన పరిష్కరింపబడినది."

అనంతశయనంగారు అక్కడే తల మీద చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు. శరభయ్య మెల్లగా లేచాడు. మూడు రోజులు పడుకున్న నడుం, ఒకంతట నిలబడలేదు. జనం వైపు తిరిగి ఉత్తర్వులో ఉన్నట్టే తల దించాడు. కిరీటం జారి కింద పడితే తీసుకోలేదు. అలాగే తల దించుకుని మెట్లు దిగి, వెంగమ్మ వెనక ఇంటికి నడిచాడు. మర్నాడు షాపు దగ్గరికి వెళ్తే, "ఇక నేను వేషం కట్టను మేష్టారూ" అన్నాడు. ట్యూబుకి పంచరు వేసుకుంటూ కూర్చున్నాడు. నేనూ కాసేపు కూర్చుని వచ్చేశాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. నాలుగు నెలల తర్వాత దేశీయ చిత్ర పురస్కారాలు ప్రకటించారు. పోటీకి వచ్చిన చిత్రాల్లో పరభాషాపదం లేనిది ఒక్కటీ లేదట. ఒకదాంట్లో "బస్సు" దొరికింది, ఒకదాంట్లో "కాఫీ". ఒక చిత్రంలో అంతా శుభ్రంగా ఉండి, చివర "ది ఎండ్" అని పడింది. దోషం లేనిది ఒకే ఒక్కటి. సైదా రెండో కార్డులో పడిన మూడు రోజుల చావు. అందులో పైకి వినపడే మాటలంటే వెంగమ్మ తిట్లే. అవి అచ్చతెలుగు. చిత్రభానుగారు దానికి "నిశ్చలము" అని పేరు పెట్టి పంపారు. ఉత్తమ దేశీయ చిత్రం అదే. ఉత్తమ నటుడు శరభయ్య.

అతను రానన్నాడు. "నీ చేత పాడిస్తారయ్యా, రాజధానిలో, పెద్ద హాల్లో" అని నేనే నచ్చజెప్పి తీసుకెళ్ళాను. పెట్టె కూడా మోసుకెళ్ళాను. హాలు నిండా శాలువాలు. పురస్కార సంఘాధ్యక్షులు లేచి మాట్లాడారు.

"ఈ చిత్రమున నాయకుడు ఒక్క పరభాషాపదము పలుకలేదు. నిజమునకు ఏ పదమును పలుకలేదు. భాషాశుద్ధికి ఇంతకు మించిన శిఖరము లేదు. ఆ కాకి! ఆ కాకి రాక మన జాతి నిరీక్షణకు సంకేతము."

చప్పట్లు మోగాయి. శరభయ్యకి శాలువా కప్పారు. అతను మైకు దగ్గరికి జరిగి, నా వైపు చూసి, "మేష్టారూ, ఒకటిన్నర" అన్నాడు. నేను ఒకటిన్నర శ్రుతి పట్టబోయాను. చిత్రభానుగారు అడ్డం వచ్చారు.

"పద్యము వలదు. సమయాభావము. సభవారు మీ కళను ప్రత్యక్షముగా చూడగోరుచున్నారు. ఒక్కసారి శయనించి చూపుడు."

శరభయ్య ఆయన వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను ఎక్కడికి చూడాలో తెలియక పెట్టె వైపు చూశాను. అతను శాలువా తీసి పక్కన పెట్టి, వేదిక మధ్య పడుకుని, కళ్ళు మూసుకుని తల వాల్చాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగాయి. శరభయ్య లేవలేదు.

తర్వాత కార్యక్రమం బడిపిల్లల నృత్యం. పిల్లలు గజ్జెలు కట్టుకుని తెర పక్కన నిలబడ్డారు. ఇంకో పది నిమిషాల్లో మంత్రిగారు వస్తున్నారని ఫోను వచ్చింది. చిత్రభానుగారు వంగి, "చాలును, లెండు" అన్నారు. కదలిక లేదు. ఇద్దరు బంట్రోతుల్ని పిలిచి ఎత్తమన్నారు. వాళ్ళు చేతులు కట్టుకున్నారు.

"రంగస్థల శవాన్ని కదల్చగూడదని తమరే రాశారు సార్. మా ఉద్యోగాలు పోతాయి."

చిత్రభానుగారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ధోవతి నలిగింది. "శరభయ్యగారూ, ఎట్లు లేచెదరు?"

"కేకెయ్యండి, లేస్తా," అన్నాడు శరభయ్య కళ్ళు తెరవకుండా.

"పునఃశ్రావ్యాభ్యర్థనము," అన్నారు ఆయన మెల్లగా.

శరభయ్య కదల్లేదు.

"వంచుమోర!"

శరభయ్య పడుకునే గడ్డం కాస్త కిందికి దించాడు, అంతే. "అది కాదండీ. అసలుది."

బయట మంత్రిగారి కార్ల హారన్లు వినిపించాయి. చిత్రభానుగారి మొహాన చెమటలు పట్టాయి. అటూ ఇటూ చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని, గుసగుసగా "వన్స్ మోర్" అన్నారు.

"గట్టిగా. పాతికేళ్ళాయె, చెవులు సరిగ్గా వినపడవు."

శుద్ధ్యధికారి లేచి, మైకు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "వన్స్ మోర్!" అని అరిచారు. అది హాలంతా ప్రతిధ్వనించింది. శాలువాలు కప్పుకున్నవాళ్ళు కొయ్యబారిపోయారు.

శరభయ్య లేచాడు. దుమ్ము దులుపుకున్నాడు. చిత్రభానుగారికి పద్ధతి ప్రకారం నమస్కారం పెట్టి, మళ్ళీ గాయపడి, పశ్చిమానికి తిరిగి మోచేతి మీద లేచాడు. నేను శ్రుతి ఇచ్చాను. ఆ హాల్లో పశ్చిమాన మంత్రిగారు వచ్చే తలుపు ఉంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. కంచు గొంతు పైకి లేచింది. నేల తల్లి నిద్రపుచ్చింది, కత్తి జారింది, అయిదు "మరల"లూ ఒక్కొక్కటే మెట్లెక్కి వెళ్ళాయి. చిత్రభానుగారు మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మా ఊళ్ళో ఆయన కలం పట్టుకుని తప్పులు వెతికే పనిలో ఉన్నారు, పద్యం వినలేదు. ఇప్పుడు విన్నారు.

పద్యం అయింది. శరభయ్య తల వాల్చి చచ్చిపోయాడు.

అప్పుడు మైకులో ఇంకో "వన్స్ మోర్" వినపడింది. గొంతు వణికింది గాని, మాట స్పష్టంగానే ఉంది. ఆ కేక వెయ్యమని చిత్రభానుగారిని ఎవరూ అడగలేదు.